ఆంటీ రాసిన మూడు పేజీలు

మా ఇంట్లో కంప్యూటరు ఒకటే గానీ, అందులో ఆఫీసులు రెండు. ఆఫీసంటే ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే సాఫ్ట్‌వేర్. ఒకటి పాత ఆఫీస్, మేము ఇండియా నుంచి వచ్చేటప్పుడు బట్టల మధ్య పెట్టుకొచ్చిన సీడీలోది. రెండోది కొత్త ఆఫీస్, అందరిళ్ళలోనూ ఉన్నదే. రెండూ ఒకే కంప్యూటర్లో పెట్టొద్దని మా ఆయన మొదట్లోనే చెప్పాడు. ఆయన ఉద్యోగమే కంప్యూటర్లు బాగుచెయ్యడం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నాడు. ఇమిడ్చి చూపిస్తానన్నాను. నా మొండితనం గురించి మా తెనాలిలో ఎవర్ని అడిగినా చెబుతారు. ముందు పాతది ఎక్కించి, తరవాత కొత్తది ఎక్కించి, పాతదాన్ని తీసెయ్యమంటావా అని అది అడిగినప్పుడు వద్దన్నాను. రెండూ ఎక్కాయి. ఆ పూట ఇల్లంతా గెలిచినట్టు తిరిగాను.

ఎక్కాయన్న మాటే గానీ సఖ్యంగా లేవు. పాతదాన్ని తెరిస్తే, ఆగు, సర్దుకుంటున్నానంటూ కాసేపు కూచోబెట్టేది. అది మూసి కొత్తదాన్ని తెరిస్తే అదీ అదే పాట. ఇక ఏ ఫైలు మీద రెండుసార్లు నొక్కినా కొత్తదే ముందుకొచ్చేది. తోడికోడళ్ళున్న ఇంట్లో ఎవరు తలుపు తట్టినా చిన్నకోడలే పరుగెత్తుకొచ్చినట్టు. పాతదాంట్లో తెరవాలంటే, ముందు పాతదాన్ని లేపి, దాని లోపలి నుంచి ఆ ఫైలును పిలవాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను, అదే బాధ.

ఇంత అవస్థ ఆంటీ కోసం పడ్డాను. ఆంటీ మా వీధి చివరింట్లో ఉండే పెద్దావిడ. డెబ్బై దాటాయి. అంకుల్ పోయాక ఏలూరు నుంచి ఈ దేశానికి, మా వెర్రిబీ ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఏలూరులో ఆవిడ డీటీపీ సెంటర్లో టైపు చేసేవారు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ఊళ్ళో రచయితల కథలు, ఆ రచయితల గురించి ఇంకో రచయిత రాసిన పొగడ్తలు, అన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే అచ్చుకెళ్ళాయట. "ఊరందరివీ కొట్టానమ్మా, నాదంటూ ఒక్క ముక్క లేదు" అని పరిచయమైన రోజే అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇక్కడి తెలుగువాళ్ళం ఏటా ఉగాదికి ఒక చిన్న పుస్తకం వేస్తాం. సంచిక అంటాం. పిల్లల బొమ్మలు, వంటలు, ఒకటో రెండో కవితలు, మిగతాదంతా ఫొటోలు. వచ్చిన రాతల్ని పేజీలుగా కూర్చే పని కొన్నేళ్ళుగా నా నెత్తినే ఉంది. నేనేమైనా రాస్తే వేస్తారా అని ఆంటీ ఒకరోజు మొహమాటంగా అడిగారు. రాయండి ఆంటీ, వేసే పూచీ నాది అన్నాను. పూచీ అన్న మాట నా నోటి నుంచే వచ్చింది, ఎవరూ అనిపించలేదు.

అయితే ఆవిడకి చూపు సరిగ్గా లేదు. పక్కలు కనిపిస్తాయి గానీ, ఎదురుగా ఏముందో ఆనదు. మనతో మాట్లాడుతూ మొహం కొంచెం అవతలికి తిప్పుకుంటారు. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు గానీ, అలా తిప్పితేనే మనం కనిపిస్తాం. ఇక చదవడం రాయడం అసలే లేవు. ఫోనుకి చెప్పి రాయించుకోమని కొడుకు సలహా ఇచ్చాడట. నేనొకటి చెబితే అదొకటి రాస్తోందనీ, పైగా సొంత సంగతులు ఫోనుకి చెబుతుంటే సిగ్గేసిందనీ ఆంటీ మానేశారు. వేళ్ళు మాత్రం ఏమీ మర్చిపోలేదు. కీబోర్డు ముందు కూచుంటే ఏ అక్షరం ఎక్కడుందో వాటికే తెలుసు. ఆ వేళ్ళకి తెలిసింది డీటీపీ రోజుల కీబోర్డు అమరిక. అది పనిచేసేది పాత ఆఫీస్‌లోనే.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. ఆ రోజుల తెలుగు, కంప్యూటరు లోపల తెలుగు కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, ఏవేవో గుర్తులూ. వాటికి పైన తెలుగు ముసుగు. పాత ఆఫీస్‌కి ఆ ముసుగు వెయ్యడం తెలుసు. కొత్తదానికి తెలియదు, దానికి అసలైన తెలుగే తెలుసు. అందుకని ఆంటీ కొట్టినది కొత్తదాంట్లో చూస్తే పిచ్చిగీతలే. నేనా పిచ్చిగీతల్ని అంతకుముందు పెద్దవాళ్ళు పంపిన రాతల్లో చాలాసార్లు చూశాను. చూసి చూసి కంటికి అలవాటైపోయింది. ఇక్కడ ఇలాగే కనిపిస్తుందిలే, అచ్చులో సరిగ్గా వస్తుందిలే అనుకునేదాన్ని.

శనివారం మధ్యాహ్నాలు ఆంటీ మా ఇంటికొచ్చేవారు. ఫెన్సులు పట్టుకుంటూ నడిచొచ్చేవారు, ఎంత గాలి ఉన్నా కారు పంపనిచ్చేవారు కాదు. నేను పాత ఆఫీస్ తెరిచి, కుర్చీ సర్ది, వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మధ్యమధ్య ఆవిడ ఒక్కటే అడిగేవారు, తెర మీద తెలుగే కదా ఉందని. నేను గుమ్మంలోంచి తొంగిచూసి, తెలుగే ఆంటీ అనేదాన్ని. అంతవరకే చూశాను. తెలుగులో ఉందని చూశాను గానీ, ఏముందో చూడలేదు.

ఆవిడ చెల్లెలి గురించి అని మాత్రం తెలుసు. ఆవిడే చెప్పారు. ఒక శనివారం టైపు చేస్తూ తనలో తాను కిసుక్కున నవ్వారు. ఇంకో శనివారం వేళ్ళు ఆగిపోయాయి. చాలాసేపు చప్పుడు లేకపోతే వెళ్ళి చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. "అక్కడికొచ్చానమ్మా" అన్నారు. ఎక్కడికో నేను అడగలేదు. టీ పెట్టమంటారా అని అడిగాను. మన ఆడవాళ్ళకి ఎదుటివాళ్ళ కన్నీళ్ళు కనిపిస్తే మొదట గుర్తొచ్చేది టీయే.

చివరి శనివారం, అయిపోయిందమ్మా అన్నారు. మూడు పేజీలొచ్చాయి. ఆవిడ లేవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఒక్కసారి పైకి చదువుతావా? కొట్టానే గానీ, నేను చూసుకున్నది లేదుగా" అన్నారు.

ఆ రోజు నా బుర్రలో సంచిక తప్ప ఏమీ లేదు. ప్రకటనలు రాలేదు, ఫొటోలు మసగ్గా ఉన్నాయి, ఒకాయన నాలుగోసారి తన కవిత మార్చి పంపాడు. మూడు పేజీలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నా దగ్గర లేవట, ఎంత గొప్పదాన్నో. స్టవ్ మీద పప్పు పెట్టానాంటీ, మాడిపోతుందన్నాను. మీరు కొడుతుంటే వెనక నుంచి చదువుతూనే ఉన్నాను, చాలా బాగుందన్నాను. స్టవ్ మీద పప్పూ లేదు, ఉప్పూ లేదు. ఇల్లంతా ఫ్లోర్ క్లీనర్ వాసన తప్ప తిండి వాసనే లేదు.

"నిజంగా బాగుందా?" అని ఆవిడ రెండుసార్లు అడిగారు. చాలా అంటే చాలా బాగుందని నేనూ రెండుసార్లు చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. "నువ్వు చదివావుగా, చాల్లే" అని నా చెయ్యి నొక్కి వెళ్ళారు.

మర్నాడు సంచిక ముగించాలి. పేజీల నంబర్లు వేస్తూ, వరసగా ఒక్కొక్క ఫైలూ నొక్కుకుంటూ పోతున్నాను. ఆ ఊపులో ఆంటీ ఫైలు మీద కూడా రెండుసార్లు నొక్కాను. చిన్నకోడలు తలుపు తీసింది. తెర నిండా పిచ్చిగీతలు. అలవాటైన కన్ను కదా, బెదరలేదు. అంచులు సరిచేసి, నంబర్లు వేసి, దాచమన్నాను. అప్పుడది ఏదో అడిగింది. ఇందులో కొన్ని అక్షరాలు నాకు తెలియవు, కొత్త పద్ధతిలో దాచమంటావా అని. నేను పూర్తిగా చదవను కూడా లేదు, అవునని నొక్కేశాను. తనకి తెలియని ప్రతి అక్షరం దగ్గరా అది ఒక ప్రశ్నార్థకం పెట్టి, అదే పేరుతో, ఆంటీ ఫైలు మీదే దాచేసింది. అచ్చువేసే దుకాణం వాళ్ళకి తెలుగంటే అంతా గీతలే. వాళ్ళెందుకు అడుగుతారు?

పుస్తకాల పెట్టె ఉగాది రోజున తిన్నగా హాలుకే వచ్చింది. బయట చలిగాలి కోసేస్తోంది. లోపల ఒకావిడ ఫ్రీజర్‌లోంచి తీసిన మామిడికాయ ముక్కలతో ఉగాది పచ్చడి కలుపుతోంది. నేను పెట్టె కోసి, ఒక పుస్తకం తీసి, ఆంటీ పేజీ తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, కొక్కేలు, వాటి మధ్య వరసల కొద్దీ ప్రశ్నార్థకాలు. ఆంటీ ఫొటో మాత్రం చక్కగా వచ్చింది. పుస్తకం మూసేశాను. పక్కనున్నావిడ ఎలా వచ్చిందని అడిగితే, బాగానే వచ్చిందన్నాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ రోజు నాకు తెలిసింది.

ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరో ఒకరు చూస్తారు, ఇదేమిటని అడుగుతారు, అడిగితే అందరి ముందూ ఒప్పేసుకుందామని కూచున్నాను. ఎవరూ అడగలేదు. జనం పుస్తకం తెరిచి, వాళ్ళ పిల్లల ఫొటో వెతుక్కుని, మూసి, పులిహోర పళ్ళెం కింద పెట్టుకున్నారు. కానీ ఆంటీ కనబడగానే అందరూ ఆగారు. సూపర్‌గా రాశారాంటీ అన్నారు ఒకరు. మాకు తెలియదే మీలో ఇంత టాలెంట్ ఉందని అన్నారు ఇంకొకరు. మా అమ్మ గుర్తొచ్చిందాంటీ అని ఒకమ్మాయి ఆవిడ్ని వాటేసుకుంది. ఆంటీ మొహం పక్కకి తిప్పి, ఒక్కొక్కర్నీ చూసుకుంటూ, ఎన్నో పేజీయో నన్నడిగి, ఆ పేజీలో వేలు పెట్టుకుని, సాయంత్రం దాకా తియ్యలేదు. అంతలో ఆవిడ కొడుకు వచ్చాడు. "అమ్మా, కార్‌లో కూచుని మొత్తం చదివేశా. ఐ వాజ్ ఇన్ టియర్స్, నిజంగా" అన్నాడు. ఆవిడ వాడి చెంప తడిమారు.

అది చూశాక ఇక నా నోరు లేవలేదు. ఎలా చెప్పను? అక్కడ అక్షరం లేదని నేనంటే, ఆ మెచ్చుకోళ్ళలో ఒక్కటీ నిజం కాదని అన్నట్టే. కొడుకు కన్నీళ్ళతో సహా.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి ఏడ్చాను. ఆయన కూచుని పాతదాంట్లో తెరిచాడు, కొత్తదాంట్లో తెరిచాడు, ఇంకేవో తన పద్ధతుల్లో తవ్వాడు. ప్రశ్నార్థకాలు ప్రశ్నార్థకాల్లాగే ఉన్నాయి. ఒకసారి అవునన్నాక ఇక దాని కింద ఏమీ మిగల్లేదన్నాడు. ఒరా కత్తుల సామెత మళ్ళీ ఎత్తలేదు, అది ఆయన మంచితనం. వెళ్ళి చెప్పెయ్యమన్నాడు. మళ్ళీ టైపు చేయించి విడిగా ఓ కాగితం వేసి పంచవచ్చన్నాడు. నిజమే, కానీ మళ్ళీ టైపు చెయ్యమనాలంటే ముందు ఎందుకో చెప్పాలి. చెబితే ఆవిడ సంతోషం కాస్తా పోతుందని మా ఆయనతో వాదించాను. వాదిస్తున్నంతసేపూ, ఇదంతా ఆవిడ సంతోషం కోసమేనా, నీ పరువు కోసమా అని లోపల ఒకటే గొణుగుడు. రెండోదే ఎక్కువని ఇప్పుడు చెప్పగలను.

ఆ తరవాత వారాల తరబడి ఆవిడ్ని తప్పించుకుని తిరిగాను. ఇండియన్ షాపులో ఒకసారి దూరం నుంచి ఆవిడా కొడుకూ కనబడితే, గోధుమపిండి సంచుల వెనక నిలబడి, అక్కర్లేని ఇంగువ డబ్బా మీద రాసిందంతా చదివాను. ఆంటీ మూడు పేజీలు చదవలేనిదాన్ని, ఇంగువ డబ్బా మొత్తం చదివాను. ఎవరైనా సంచిక అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఇదేంటండీ చెత్తగా వేశారని తిడితే ఎంత బాగుండేదో! ఒక్కరూ చెయ్యలేదు. అన్ని ఇళ్ళకి పుస్తకం వెళ్ళింది, ఆ మూడు పేజీలు మాత్రం ఎవరి కంటా పడలేదు. అంటే, రేపు సరిగ్గా అచ్చువేసి పంచినా ఇంతే కదా అనిపించి, ఇంకా దిగులేసింది.

ఓ శనివారం మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే ఆంటీ. చేతిలో సంచిక. ఎన్నోసార్లు తడిమినట్టు అట్ట మెత్తబడిపోయింది. ఎప్పుడూ కూచునే కంప్యూటరు కుర్చీలోనే కూచున్నారు. కాసేపు మోకాళ్ళ గురించీ, గాలి గురించీ మాట్లాడారు. తరవాత పుస్తకం నా ఒళ్ళో పెట్టారు.

"చదివి వినిపించమ్మా. మావాణ్ణి అడుగుతుంటే రేపు, రేపంటున్నాడు. ఇంత ఏడుపొచ్చినవాడికి మళ్ళీ చదవడానికి భయమేమోలే."

పేజీ తెరిచాను. అల్లి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది, దాచడమెందుకు. ఆవిడ చెల్లెలు, చిన్నప్పటి అల్లరి, అనారోగ్యం, ఏదో ఒకటి. ఆవిడకి పేజీ ఎలాగూ కనిపించదు. నోరు తెరిచి "మా చెల్లెలు" అన్నాను. తరవాత మాట రాలేదు. ఆ చెల్లెలి పేరేమిటో కూడా నాకు తెలియదు.

చెప్పేశాను. రెండు ఆఫీసుల సంగతీ, నేను నొక్కిన అవునూ, ప్రశ్నార్థకాలూ, ఉగాది రోజునే చూసి పుస్తకం మూసెయ్యడమూ, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆవిడ కీబోర్డు అంచు మీద వేలితో నెమ్మదిగా గీస్తూ కూచున్నారు.

"మరి అందరూ బాగుందన్నారే" అన్నారు చివరికి.

నేను ఒళ్ళో పుస్తకం మూశాను.

"మావాడు ఏడుపొచ్చిందన్నాడు."

నన్ను తిట్టండాంటీ అందామనుకున్నాను, అదీ నాకోసమే కదా అని ఊరుకున్నాను. తరవాత ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. అంటే నన్ను చూస్తున్నారు. గొంతులో కోపం లేదు.

"పోనీలే, మిషన్ల సంగతి నాకు తెలియందా. అచ్చు పోతే పోయింది. నువ్వు చదివావుగా. కొడుతుంటే వెనకనుంచి చదివానన్నావు, చాలా బాగుందన్నావు. ఒక్కళ్ళు చదివినా చాలమ్మా నాకు. ఏం రాశానో గుర్తున్నంత చెప్పు, వింటాను."

ఆవిడ వినడానికి సిద్ధమై, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. అక్కడికొచ్చానన్న రోజున కూడా అలాగే పెట్టుకుని కూచున్నారు. ఆ రోజు నేను నాలుగడుగులు వేసి వచ్చి, తెర మీదికి ఒక్కసారి చూసి ఉంటే, ఆ ఒక్క వాక్యమైనా ఇప్పుడు చెప్పగలిగేదాన్ని. ఊళ్ళోవాళ్ళూ, కొడుకూ అందరూ బాగుందన్నారని బాధపడ్డానే, అందరికంటే ముందు అన్నది నేను. వాళ్ళ ముందు చదవడానికి అసలు అక్షరాలే లేవు. నా కళ్ళ ముందు తెలుగులో ఉన్నప్పుడే నేను చదవలేదు.

"చదవలేదాంటీ" అన్నాను.

ఆవిడ తల ఊపారు. కొత్త సంగతి విన్నట్టు ఊపలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, నా ఒళ్ళో ఉన్న పుస్తకం తడుముకుని తీసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"స్టవ్ మీద ఏమైనా పెట్టావేమో, చూసుకో అమ్మా" అన్నారు.

స్టవ్ మీద ఏమీ లేదు.